కింది మెట్టు మీది అమ్మ

మా పక్కింటి ఆంటీ వాళ్ళ అమ్మను నేను బొమ్మగా మాత్రమే చూశాను. జానెడు ఎత్తు మట్టిబొమ్మ. తలకు గుడ్డ చుట్టుకుని, చేతిలో బుల్లి బకెట్టు పట్టుకుని, నడుం కాస్త వంచి నిలబడి ఉండేది. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు. కళ్ళకు రెండు సున్నపు చుక్కలు, పెదవులు ఎర్రగా. మొదటిసారి చూసినప్పుడు నాకేం తెలుసు, "ఇదేదో భలే ఉంది ఆంటీ, ఎక్కడ కొన్నారు" అని అడిగాను. ఆవిడ నవ్వి, "కొన్నది కాదమ్మా. మాయమ్మ. ఆవిడ బొమ్మ ఆవిడే సేసుకున్నాది" అంది.

ఆంటీ పుట్టింది మలేసియాలో, పెరాక్‌లోని ఒక రబ్బరు తోటలో. వాళ్ళ తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆ తెలుగు అలాగే నిలబడిపోయింది, మధ్యమధ్యలో తమిళం, మలయ్ కలిసిపోయి. కొడుకుతో సింగపూర్ వచ్చి బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్‌లో చేరింది. నేను ఒంగోలు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చినదాన్ని. కొత్తలో నాతో తెలుగు మాట్లాడే దిక్కు ఆవిడ ఒక్కతే. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆవిడకు ఎవరి మీదా కోపం రాదు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

వాళ్ళ అమ్మ ఆ తోటలో తెల్లవారకముందే లేచి రబ్బరు చెట్లకు గాటు పెట్టి పాలు తీసే మనిషి. దసరాకు బొమ్మల కొలువు పెట్టాలని ఆవిడకు ఒకటే ఆశ. తోటలో బొమ్మలు అమ్మేవాళ్ళు ఎక్కడుంటారు? వాగు మట్టి తెచ్చి తనే చేసుకుంది. అమ్మవారు, పిల్లనగ్రోవి కృష్ణుడు, ఏనుగు, ఇంకా ఆ తోట మనుషులు. తను, తన భర్త, ఇరుగుపొరుగు. ఆఖరుకి కుర్చీలో కూర్చున్న తెల్లదొరను కూడా చేసింది. దీపం మసిని రబ్బరు పాలల్లో కలిపి తోట మనుషులకు పూసింది. దొరకు సున్నం పూసింది.

ఆవిడకు ఫోటో లేదు. గుర్తింపు కార్డు మీద ఒకటి ఉండేదట గానీ, ఆవిడ పోయినప్పుడు కార్డుతో పాటు ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారు. తీసుకునే ముందు దాన్ని ఒక కాపీ తీయించాలని ఎవరికీ తోచలేదు. ఆంటీకి తల్లి రూపం అంటూ మిగిలింది ఆ బొమ్మే. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి, బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఇల్లు మారినప్పుడల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

కొలువు ఇంట్లోనే పెట్టేది. కింద వాయిడ్ డెక్‌లో పెడదామన్నది నేను. మా బ్లాకు కింద ఆ ఖాళీ జాగాలో లిఫ్టుల పక్కన పండక్కో అలంకరణ చేస్తారు. చైనా కొత్త సంవత్సరానికి ఎర్ర లాంతర్లు, మలయ్ ముస్లింల హరి రాయా పండక్కి పచ్చ రిబ్బన్లు, క్రిస్మస్‌కు చెట్టు. మన పండగలకు మాత్రం ఏటా అదే ప్లాస్టిక్ నెమలి, నేల మీద అతికించే అదే ముగ్గు. నాకు ఒళ్ళు మండేది. "మీ కొలువు పెట్టండి ఆంటీ, కళ్ళు తెరుచుకుని చూస్తారు" అన్నాను.

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. తర్వాత ఒకరోజు కూర తరుగుతూ తనే ఎత్తింది. "మా లైను ఇంట్లో కొలువు పెడితే కిరాణీలు, ఆళ్ళ పెళ్ళాలు తొంగి సూసీవోరు కారమ్మా. రమ్మని పిలిస్తే పనుందనీవోరు. మాయమ్మ గుమ్మంలో పళ్ళెంలో శెనగలెట్టుకుని కూకునీది. ఒకసారైనా నలుగురొచ్చి సూస్తే బాగున్ను" అంది. లైను అంటే తోట కూలీలకు వరసగా కట్టిన ఇళ్ళు, కిరాణీలంటే తోట ఆఫీసులో లెక్కలు రాసేవాళ్ళు. ఆంటీకి ఏం కావాలో నాకు అప్పుడు తెలిసింది. తల్లి చేసిన కొలువును నలుగురు గౌరవంగా చూడాలి, అంతే.

కమిటీ పెద్దాయన అద్దాల బీరువా ఒకటి ఇప్పించాడు. ఆయన చైనా ఆయన, రిటైరయ్యాడు, బ్లాకులో అన్ని పండగల పనీ నెత్తినేసుకుంటాడు. బీరువాలోనే మెట్లు కట్టి పట్టుబట్ట పరిచాం. పైమెట్టున కలశం, అమ్మవారు. కిందికి వచ్చేకొద్దీ దేవుళ్ళు, జంతువులు. అందరి కన్నా కింద తోట మనుషులు, వాళ్ళ పై మెట్టున దొర. కొలువులో మనుషుల చోటు కిందే, అది మనకు తెలిసిందే. దొర బంగళా కొండ మీద ఉండేది కాబట్టి వాళ్ళ అమ్మ దొరను ఒక మెట్టు పైన పెట్టేదట. ఆంటీ అది మార్చలేదు.

మొదటి సాయంత్రం ఆంటీ కొత్త చీర కట్టుకుని బీరువా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మార్కెట్ సంచులతో వచ్చేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఒక మలయ్ ఆవిడ మనవరాలిని ఎత్తుకుని ఏనుగును చూపించింది. ఆంటీ అందరికీ కాగితం కప్పుల్లో శెనగలు పెట్టింది. ఆవిడ అంత నిటారుగా కూర్చోగా నేను అదే చూడటం.

రెండోనాడో మూడోనాడో బ్లాకు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కింది రెండు మెట్లు మాత్రమే. కింద ఇంగ్లీషులో రాసి ఉంది: తెల్లవాడి కాళ్ళ దగ్గర నల్ల ముఖాల కూలీలు, ఎర్ర మూతులు. మన బ్లాకులో, మన పండక్కి. ఇది ఎవరికీ తప్పనిపించలేదా?

ఇంక చూసుకోండి. అంతవరకు ఆ బొమ్మల వైపు చూడనివాళ్ళకు కూడా అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. సంస్కృతి అని ఒకరు, అవమానం అని ఒకరు, పిల్లలు చూస్తారు జాగ్రత్త అని ఒకరు. ఎవరో నవ్వే ఎమోజీలు పెట్టారు. ఎవరో ఆ ఎర్ర పెదవుల మీద గీత గీసి బాణం గుర్తు వేశారు. నేను ఫోన్ పట్టుకుని ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. "అది మీ అమ్మ అని రాసేస్తాను. అందరి నోళ్ళూ మూతపడతాయి" అన్నాను.

ఆంటీ ఫోన్ తీసుకుని ఆ బాణం గుర్తు కేసి చూసింది. ముఖంలో రక్తం లేదు. "వొద్దమ్మా. మాయమ్మని ఈళ్ళ నోట్లో పెట్టకు. తోట మడిసే అనుకోనీ" అంది. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఒట్టేయించుకుంది కూడా.

ఫోటో పెట్టింది ఎవరో కాదు, మా పై అంతస్తులో ఉండే తమిళ అమ్మాయి. ఇక్కడే పుట్టింది, ఆఫీసులో ఉద్యోగం. కనిపిస్తే నవ్వే పిల్లే. మర్నాడు లిఫ్టు దగ్గర కనిపించింది. నేను ఊరుకుంటానా?

"నీకు ఏం కనిపించింది అందులో?" అని అడిగాను.

"మీకు కనిపించలేదా అక్కా?" అంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో మాటకే తమిళంలోకి దిగింది. ఇక్కడికొచ్చాక నాకూ తమిళం పట్టుబడింది. "నేను అక్కడ నిలబడి చూస్తున్నా. పక్కన ఒక చిన్న పిల్లాడు ఆ నల్ల బొమ్మను చూపించి నన్ను చూపించాడు. వాళ్ళ అమ్మ నవ్వింది. స్కూల్లో లైట్లు ఆర్పి, నవ్వు, లేకపోతే కనపడవు అనేవాళ్ళు నన్ను. నాటకం వేస్తే కూలీ వేషం నాకే. ఇప్పుడు మనవాళ్ళే పెడతారా ఆ బొమ్మలు? నాట్ ఫన్నీ లా." మాట చివర ఇక్కడివాళ్ళందరూ తగిలించే ఆ లా కూడా ఏడుపులాగే వినిపించింది.

ఆ పిల్ల రంగు నలుపే, మంచి నలుపు. ఆ మాట అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఆ క్షణాన జాలి కలగాల్సింది. కానీ ఆంటీ ముఖమే కళ్ళ ముందు ఉంది. "నవ్విన ఆవిడను అక్కడే కడిగెయ్యాల్సింది. పెద్దావిడను గ్రూపులో పెట్టి బజారుకీడుస్తావా?" అన్నాను. అసలు మాట నాలుక చివర దాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను. లిఫ్టు వచ్చింది, ఆ అమ్మాయి ఎక్కకుండా మెట్ల వైపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కమిటీ పెద్దాయన ఆంటీ గుమ్మంలోకి వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి రమ్మంటే రాలేదు, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "అందరూ హ్యాపీగా ఉండాలి లా, ఆంటీ. పెద్ద ప్రాబ్లం కాదు. కలర్ ఒక్కటే. ఆ కింది బొమ్మలు తీసేద్దాం, లేకపోతే కలర్ కొంచెం మార్చగలరా?"

రంగు మార్చమని గ్రూపులో ఒక్కరూ అనలేదు. ఆయన నోట్లోకి వచ్చేసరికి గొడవంతా రంగు దగ్గరికి చేరింది. మాకూ అలాగే అర్థమైంది. మా ఇళ్ళల్లో నలుపు గురించి ఎవరైనా మాట ఎత్తారంటే అది లోపం కిందే ఎత్తుతారు. పుట్టిన పిల్ల నల్లగా ఉంటే సున్నిపిండి ఎక్కువ పెట్టి రుద్దే ఇళ్ళు మావి. నలుపు వల్ల గొడవైతే నలుపు తీసేస్తే పోతుంది, ఇంతే మాకు తెలిసింది.

ఆయన వెళ్ళాక నేను గట్టిగానే అన్నాను. "ఒక్క బొమ్మ కూడా కదల్చొద్దు ఆంటీ. ఎవడొచ్చి తీస్తాడో నేనూ చూస్తాను."

"సండ వొద్దమ్మా," అంది ఆవిడ. సండ అంటే జగడం, తమిళం నుంచి వాళ్ళింట్లో చేరిన మాట. మళ్ళీ తనే, "తోట అమ్మీసినప్పుడు లైను కాళీ సెయ్యమన్నారు. మాయమ్మ పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే సామాను బయటెట్టీసినారు. కొలువులో కూకోబెట్టి మళ్ళీ నానే లెమ్మంటానా? పండగెల్లే దాకా ఆవిడక్కడే ఉంటాది. రంగే కదా, ఏసీద్దాం" అంది.

నేను వద్దనే అన్నాను. ఆవిడ ఇంకేం వినలేదు. తోట మనుషులను పైకి తెచ్చుకోలేదు, లేపినట్టు అవుతుందని. పొద్దున జనం తిరగని వేళ చూసుకుని, బీరువా తలుపు తీసి, ఉన్నచోటే వేసింది. గోధుమ రంగు డబ్బా, సన్న బ్రష్. నేను పట్టుబట్ట మీద చుక్క పడకుండా పేపరు పట్టుకున్నాను. ముందు మిగతావాళ్ళకు వేసి, ఆఖర్న తల్లి దగ్గరికి వచ్చింది. చెంపలు, మెడ, బకెట్టు పట్టుకున్న చెయ్యి. ఎర్ర పెదవుల మీద కూడా వేసి, పైన లేత గులాబీ రంగు పూసింది. అయ్యాక కాస్త వెనక్కి జరిగి చూసింది.

ఆవిడ మనసు తేలిక చేద్దామని నేను, "మీ అమ్మ పెళ్ళికూతురిలా ఉంది ఆంటీ" అన్నాను. ఆవిడ నవ్వింది. మన ఆడవాళ్ళకు మనం ఇచ్చే పెద్ద మెప్పు అదే కదా. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ మనసు పీకుతుంది.

గ్రూపులో చేతులు జోడించిన ఎమోజీలు, గుండె గుర్తులు వరస కట్టాయి. సో ప్రెట్టీ అని రాశారు. ఇప్పుడు చూడ్డానికి బాగుంది అని రాశారు. పెద్దాయన అందరికీ థాంక్స్ చెప్పాడు. ఆంటీ మళ్ళీ కుర్చీ వేసుకుని శెనగలు పెట్టింది గానీ, బీరువాకు వీపు పెట్టి కూర్చుంది.

మర్నాడు ఆంటీ ఇంట్లో నేను కాఫీ తాగుతుండగా తలుపు కొట్టిన చప్పుడైంది. చూస్తే పై అంతస్తు అమ్మాయి. కింద బీరువా చూసి మెట్లెక్కి వచ్చినట్టుంది, రొప్పుతోంది. నా వైపు చూడకుండా ఆంటీతో తమిళంలో, "ఎందుకలా చేశారు పాట్టీ?" అంది. పాట్టీ అంటే తమిళంలో అమ్మమ్మ.

ఆంటీ లేచి, "కూర్చో తల్లీ. నీకు కష్టం కలిగిందన్నారు. నలుపు అవమానమన్నావట. తీసేశాను" అంది, తనూ తమిళంలోనే.

"నలుపు అవమానమని నేను అనలేదు. నలుపును నవ్వులాట చేయొద్దన్నాను. వాళ్ళను తెల్లగా చేయమని ఎవరడిగారు మిమ్మల్ని? బొమ్మ కూడా నల్లగా ఉండకూడదా మన ఇళ్ళల్లో?" అని ఆ పిల్ల ఏడ్చేసింది.

నేను కప్పు కింద పెట్టేశాను. ఆంటీ కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచి, తన పక్కన కూర్చోబెట్టుకుని, నా చేత ఒట్టేయించుకున్న మాటను తనే చెప్పేసింది. అది మా అమ్మ, అంది. రబ్బరు పాలల్లో దీపం మసి కలిపి తన రంగు తనే పూసుకుంది. ఆకు వక్క నమిలేది, అందుకని పెదవులు ఎరుపు. చీకట్లో చెట్ల మధ్య తిరిగే మనిషి, నాకు మొదట కళ్ళే కనిపించేవి, అందుకని సున్నపు చుక్కలు. దొరను పైన పెట్టిందని కోపం వచ్చిందా నీకు? ఈసారి వెళ్ళినప్పుడు దగ్గరగా చూడు, వాడికి చెవులు లేవు. ఎంత మొరపెట్టుకున్నా వినేవాడు కాదట, ఆ కోపంతో చెవులు పెట్టలేదు మా అమ్మ.

ఆ పిల్లకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నాకు ఎవరూ చెప్పలేదు" అంది చాలా మెల్లగా. నిజమే, ఎవరూ చెప్పలేదు. ఆంటీ తల్లి గౌరవం కోసం చెప్పొద్దంది, నేను ఆంటీ కోసం చెప్పలేదు. అందరమూ మంచికే చేశాం, ఏం లాభం.

పండగ అయ్యాక బొమ్మలు ఇంటికి చేరాయి. ఆ అమ్మాయి ఆదివారం పూట సీసా ఒకటి, దూది, పాత బ్రష్షులు పట్టుకుని వచ్చింది. పైన వేసిన రంగు మాత్రమే పోయేలా మెల్లగా తుడవొచ్చని ఎక్కడో చదివిందట. భోజనాల బల్ల మీద పేపర్లు పరిచాం. ముందు ఒక మగ బొమ్మ వీపు మీద తుడిచి చూసింది. గోధుమ రంగు పోయి కింద నలుపు కనిపించింది. ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. ఆంటీ అయితే తల్లి బొమ్మను తనే తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఆ అమ్మాయి బొమ్మ చెంప మీద దూది ఆనించి మెల్లగా తుడిచింది. రంగు మెత్తబడింది. దాంతో పాటు కింద పూత కూడా ఉబ్బింది. రబ్బరు పాలల్లో కలిపిన మసి కదా, మరి ఆ మందుకు ఏమైందో, దూదికి అంటుకుని పొరలాగా లేచి వచ్చేసింది. ఆపే లోపే చెంప, మెడ, భుజం. నలుపూ గోధుమ రంగూ కలిసి ముద్దగా దూదిలో ఉన్నాయి. బొమ్మ మీద ఎర్ర మట్టి బయటపడింది. పక్కన పెట్టిన మగ బొమ్మను చూస్తే వీపు మీద నలుపు కూడా పెచ్చులు లేచిపోతోంది.

ఆ పిల్ల దూదిని కింద పడేసి, "సారీ పాట్టీ, సారీ" అంటూనే ఉంది. నేను సీసా మూత పెట్టేశాను, అంతకన్నా నాకేం చేయాలో తోచలేదు. ఆంటీ మాత్రం ఏడవలేదు. "తక్ అపా" అంది. పరవాలేదని మలయ్‌లో. ఆ మాట ఆ పిల్ల కోసం అందో, తల్లి కోసం అందో.

"మళ్ళీ వేద్దాం," అంది ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని. "దీపం మసి పట్టి తీద్దాం. రబ్బరు పాలు నేను ఎక్కడి నుంచైనా తెప్పిస్తాను. అచ్చం అలాగే వేద్దాం పాట్టీ. ఎంత నలుపో చెప్పండి చాలు." అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచి, తన చేతిని బొమ్మ పక్కన బల్ల మీద పెట్టింది. "ఇంత ఉంటుందా?"

ఆంటీ వంగి చూసింది. ఆ చేతి మీద తన వేలు పెట్టి మణికట్టు నుంచి మోచేతి దాకా నెమ్మదిగా జరిపింది. "ఇంకా నలుపు," అంది తమిళంలో. ఆ పిల్ల ఆత్రంగా, "ఎంత? మోచెయ్యి దగ్గర ఉన్నంతా?" అంది. ఆంటీ అక్కడ చూసింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి చూసింది.

అప్పుడు నా వైపు తిరిగి, ఆ పిల్లకు అర్థం కాకూడదని కాబోలు, తెలుగులో అంది: "తెలీట్లేదమ్మా. ఆవిడ పోయిన కాడ్నించీ బొమ్మనే సూసీదాన్ని. మాయమ్మ రంగు ఎప్పుడు మర్సిపోనానో నాకే తెలీదు."

ఆ అమ్మాయి చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది.